ముసురు పట్టకముందే ఇల్లూ కొట్టమూ చక్కబెట్టుకుందాం

చలికాలం అనగానే చాలామందికి ఉత్తరాది మంచు గుర్తుకు వస్తుంది. మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల చలి అటువంటిది కాదు. మన చలి వానను వెంటబెట్టుకుని వస్తుంది. నెల్లూరు జిల్లాలో ఏటా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాల కాలంలోనే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు సూర్యుడు కనిపించడు. ముసురు, ఈదురుగాలి, కాలి కింద బురద. థర్మామీటరు చూస్తే 20, 22 డిగ్రీల వేడిమే ఉంటుంది. అయినా పసిబిడ్డకూ, ముసలివారికీ, అప్పుడే పుట్టిన దూడకూ వణుకు పుడుతుంది. వానలు తగ్గాక డిసెంబరు, జనవరి నెలల్లో వెలిగొండ పక్కనున్న ఊళ్ళలో రాత్రిచలి కోస్తా ఊళ్ళకంటే ఎక్కువగానే ఉంటుంది.

అందుచేత మన చలికి మందు మంట కాదు, పొడితనం. తడవకుండా ఉన్న ఒంటికి మన చలి పెద్ద లెక్కలోనిది కాదు. తడిసిన ఒంటికి గాలి తగిలితే మాత్రం ఎంత మంట వేసినా చాలదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే తోస్తాయి. వాటిలో చాలావాటికి రూపాయి ఖర్చు లేదు. కావలసిందల్లా ముందుచూపు.

వెచ్చదనం పోయే మూడు దారులు

ఒంట్లోని వేడి ముఖ్యంగా మూడు దారుల్లో పోతుంది. ఒకటి, తడి. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని ఒంటినుంచే లాక్కుంటుంది. రెండు, గాలి. ఒంటిచుట్టూ వెచ్చబడిన గాలిని ఈదురుగాలి ఎప్పటికప్పుడు తోసేస్తుంది. మూడు, నేల. చల్లటి నేలమీద పడుకుంటే వేడి కిందికి దిగిపోతుంది. మనిషికైనా, పశువుకైనా ఈ మూడు దారులు మూయడమే చలికాలపు పని.

ముందు ఇల్లు

కప్పు సంగతి దసరాలోపే చూసుకోవాలి. బోదకప్పు, తాటాకు కప్పు పలచబడినచోట కొత్త వరస వేయించాలి. పెంకుటింట్లో పగిలిన పెంకులు మార్చాలి. మిద్దెమీద నీళ్ళు పోయే గొట్టాల్లో చేరిన ఆకులూ మట్టీ తీసేయాలి. కప్పుమీద నీరు నిలిస్తే గోడలు చెమ్మగిల్లుతాయి, చెమ్మగిల్లిన గోడ నెలరోజులైనా ఆరదు. మట్టిగోడల ఇంటికి చూరు గోడకు కనీసం రెండడుగులు ముందుకు ఉండాలి. వానజల్లు గోడ అడుగున కొట్టకుండా వెలుపల మట్టి ఎత్తి, వాలుగా మెత్తించుకోవాలి.

ఈ కాలంలో గాలి ఎక్కువగా ఉత్తరం, తూర్పు దిక్కులనుంచి వీస్తుంది. ఆ వైపు తలుపుల కింది సందులకు పాతగుడ్డ చుట్టిన గోనెసంచిని అడ్డంగా పెడితే చాలు. దక్షిణపు కిటికీలు మాత్రం ఎండ ఉన్నరోజు మధ్యాహ్నమంతా తెరిచి ఉంచి, సాయంత్రం నాలుగు గంటలకు మూయాలి. పగలు ఎండ తగిలిన గోడ రాత్రి చాలాసేపటి దాకా వెచ్చగా ఉంటుంది. ఎండ కాసిన ప్రతిరోజూ పక్కబట్టలు ఆరవేయాలి. చెమ్మపట్టిన బొంత ఎంత మందమైనా చలి ఆపదు.

పడకల విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకోవాలా అని చూస్తారుగాని కింద ఏముందో చూడరు. సిమెంటు నేలమీద చాప ఒక్కటే వేసుకుంటే సగం చలి కిందనుంచే వస్తుంది. చాప కింద రెండు మూడు మడతల గోనెసంచులు వేయండి. నులకమంచమైతే గాలి కిందనుంచి కొడుతుంది, కాబట్టి బొంతను మంచంమీద పరిచి పడుకోవాలి. ఎండిన వరిగడ్డి కూరిన గోనెసంచి మంచి పరుపుగా పనికివస్తుంది. కప్పుకునేది ఒక మందపు దుప్పటికంటే రెండు పలచటివి మేలు. వాటి మధ్య నిలిచిన గాలే చలిని ఆపుతుంది. పాత చీరలు పొరలుపొరలుగా వేసి కుట్టిన బొంతలో ఉన్న రహస్యం ఇదే.

పొయ్యిలోకి పొడికట్టెలు

గ్యాసు బండ వచ్చిన ఇళ్ళలో కూడా నీళ్ళు కాచడానికి, కుడితి వెచ్చచేయడానికి కట్టెలపొయ్యి ఇంకా ఉంది. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరై పోయేదాకా పొయ్యిలో పొగ తప్ప వేడి ఉండదు. సర్కారుతుమ్మ వంటి కట్టెను ఆగస్టులోనే కొట్టి, చీల్చి, రెండు నెలలు ఎండనివ్వాలి. రాళ్ళమీద బెత్తెడు ఎత్తున పేర్చి, పైన మాత్రం రేకో పట్టో కప్పి, పక్కలు గాలికి వదలాలి. నాలుగు పక్కలా కప్పేస్తే లోపలి చెమ్మ బయటికి పోదు. ముసురు పట్టిన రోజులకోసం వారానికి సరిపడా కట్టెలు, పిడకలు పంచలోకి చేర్చుకోవాలి.

కుంపటి గదిలో వద్దు

ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదని మేము అనుకుంటున్నాం. బాలింత పడుకున్న గదిలో, పసిబిడ్డ పక్కన, నిప్పుల కుంపటి పెట్టి తలుపులు మూసేయడం మన పల్లెల్లో ఇంకా ఉంది. బొగ్గులు గాలి చాలకుండా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేదుగదా, ఎర్రటి నిప్పులేగదా అనుకుంటే మోసపోయినట్టే. రక్తంలో ప్రాణవాయువు చేరవలసిన చోట అది చేరుతుంది. మొదట తలనొప్పి, వికారం, తర్వాత మగత. నిద్రలో ఉన్నవారికి ఆ సంగతి తెలియనే తెలియదు.

నిప్పుతో గది వెచ్చచేయాలంటే తలుపులు తెరిచి ఉంచి కాసేపు పెట్టి, పడుకునేముందు కుంపటిని ఆరుబయట పెట్టేయండి. పసిబిడ్డకు అన్నిటికంటే మంచి కుంపటి తల్లి ఒళ్ళే. బిడ్డను ఒట్టి ఒంటితో తల్లి రొమ్ముకు ఆనించి, తలకు టోపీ పెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పాలి. బరువు తక్కువగా పుట్టిన బిడ్డలకు డాక్టర్లు సైతం ఇదే చెబుతారు. కుంపటి పెట్టిన గదిలో ఎవరైనా మగతగా ఉంటే వెంటనే తలుపులు తెరిచి, బయటికి మోసుకువచ్చి, 108కి ఫోను చేయాలి.

కొట్టంలో దూడ

గేదెలు ఎక్కువగా ఈనేది వానాకాలం నుంచి చలికాలం దాకా. అంటే మన సంఘాలకు పాలు ఎక్కువగా వచ్చే రోజులూ, దూడలకు ప్రమాదమైన రోజులూ ఒకటే. దూడ చనిపోతే పోయేది దూడ ఒక్కటే కాదు. చాలా గేదెలు దూడ లేకపోతే చేపుకు రావు. పాలు ఎగబట్టిన గేదె ఆ ఈతలో ఇంటి ఆదాయానికే గండి కొడుతుంది. పెయ్యదూడ అయితే రేపటి గేదె కూడా పోయినట్టే.

దూడ నేల తాకగానే ముక్కు, నోరు శుభ్రం చేసి, ఎండుగడ్డితోనో గోనెపట్టతోనో ఒళ్ళంతా రుద్ది పొడి చేయాలి. తల్లిని నాకనివ్వాలి. బొడ్డుకు టింక్చర్ అయొడిన్ అద్దాలి. మొదటి గంటలోనే జున్నుపాలు తాగించాలి. మొదటిరోజు మొత్తంమీద దూడ బరువులో పదోవంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు, మూడు నాలుగు సార్లుగా పట్టాలి. జున్ను వండుకోవడం, ఇరుగుపొరుగుకు పంచడం మన ఆచారమే. కాని ముందు దూడ కడుపు నిండాలి. దానికి రోగాన్ని తట్టుకునే శక్తీ, వెచ్చగా ఉండే శక్తీ ఆ పాలలోనే ఉన్నాయి.

దూడ నోట్లో వేలు పెట్టి చూడండి. నోరు చల్లగా ఉండి, వేలు చీకకపోతే దూడ చలికి లొంగిపోతున్నదన్నమాట. అప్పుడు బలవంతంగా పాలు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు వెచ్చచేసి, బాగా తుడిచి, చీకే శక్తి వచ్చాక పాలు పట్టి, పశువైద్యునికి కబురు చేయాలి.

దూడ పడుకునే చోట నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన ఎండుగడ్డి, వేరుశనగ పొట్టు లేక రంపపు పొట్టు పరచాలి. తడి ఉందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. గడ్డిమీద మోకాళ్ళూని అరనిమిషం కూర్చోండి. మోకాళ్ళు తడిస్తే గడ్డి మార్చాలి. పాత గోనెసంచిని విప్పి, వీపుమీద వేసి, పొట్టకింద తాడుతో వదులుగా కడితే దూడకు చొక్కా అవుతుంది. అది తడిస్తే వెంటనే తీసేయాలి. తడి గోనె చలిని ఇంకా పెంచుతుంది.

పెద్ద పశువులు, గొర్రెలు

గేదెకు వెంట్రుకలు పలచన. అందుకే అది ఎండకూ ఓర్వదు, చలిగాలికీ ఓర్వదు. కొట్టానికి ఉత్తరం, తూర్పు వైపుల నేలనుంచి నాలుగైదు అడుగుల ఎత్తుదాకా తాటాకు తడికలో, గోనెపట్టలో కట్టండి. పైభాగం తెరిచే ఉంచాలి. అంతా మూసేస్తే పేడ, మూత్రం ఘాటు నిలిచి, దూడలకు దగ్గు పట్టుకుంటుంది. దూడ ముక్కు ఎత్తుకు వంగి వాసన చూడండి. మీ కళ్ళు మండితే దానికీ మండుతున్నట్టే. గేదెలను కడగడం మధ్యాహ్నం ఎండలోనే చేయాలి.

పశువు కడుపే దాని పొయ్యి. గడ్డి నెమరువేసి అరిగేటప్పుడు వేడి పుడుతుంది. అందుచేత సాయంత్రం మేత పెంచి, రాత్రికి ఎండుగడ్డి లేక జొన్నచొప్ప ముందు వేసి ఉంచాలి. వానలకు మొలిచిన లేతగడ్డి ఒక్కటే మేపితే కడుపుబ్బరం, పారుడు వస్తాయి. దాన్ని ఎండుగడ్డితో కలిపి వేయాలి. గడ్డివామి మెరకమీద, రాళ్ళో మొద్దులో పరిచి వేసుకోవాలి. బూజుపట్టిన గడ్డి ఈనబోయే గేదెకు అసలే పెట్టకూడదు. నీళ్ళు మరీ చల్లగా ఉంటే గేదె తాగడం తగ్గిస్తుంది, నీళ్ళు తగ్గితే పాలు తగ్గుతాయి. తొట్టిలో రాత్రి నిలిచిన నీటికంటే అప్పుడే తోడిన బోరునీరు వెచ్చగా ఉంటుంది.

మన సభ్యుల్లో గొర్రెలున్నవారు చాలామంది. నెల్లూరు గొర్రె పల్ల అయినా, జోడిపి అయినా, దొర అయినా ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకే, ఉన్ని కాదు. వర్షంలో నానిన గొర్రె రాత్రి గాలికి తట్టుకోలేదు. తుపాను హెచ్చరిక వినగానే మందను వాగు పక్కనుంచి మెరకకు, కప్పు ఉన్న చోటికి చేర్చాలి. 2021 నవంబరులో పెన్న వరద సోమశిల దిగువ ఊళ్ళను ముంచినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మనం చూశాం. ముందురోజు కదిలినవారికీ ఆ రాత్రి కదిలినవారికీ ఎంత తేడా ఉంటుందో ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

గోబరుగ్యాసు ఉన్నవారికి

చలికాలంలో గ్యాసు తగ్గిందని కొందరు కంగారు పడతారు. గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులకు 35 డిగ్రీల ప్రాంతపు వేడి ఇష్టం, 20కి దిగితే మందగిస్తాయి. పేడ కలిపే నీళ్ళను పగలంతా ఎండలో ఉంచి, మధ్యాహ్నం వేళ కలిపి పోయండి. గుమ్మటం చుట్టూ ఎండుగడ్డి కప్పండి.

ఎప్పుడు ఏ పని

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కట్టెలు కొట్టి ఎండబెట్టడం, పశువులకు గొంతువాపు, గాలికుంటు టీకాలు, గొర్రెలకు నీలినాలుక టీకా వేయించారో లేదో చూసుకోవడం. దసరాలోపు కప్పు, చూరు, వామి. దీపావళిలోపు తడికలు, గోనెపట్టలు, బొంతలు. కార్తీకంలో ప్రతిరోజూ దూడ పడక.

ఇవన్నీ మన పెద్దలు ఎరిగిన పనులే. ముసురు పట్టాక తడిగడ్డిని ఎవరూ ఆరబెట్టలేరు, కురిసే కప్పు ఎవరూ ఎక్కలేరు. పాలు పోయడానికి వచ్చినప్పుడు ఈ విషయాలు పక్కవారితో కూడా ముచ్చటించండి. ముఖ్యంగా ఇంట్లో బాలింత ఉన్నవారికి కుంపటి సంగతి తప్పక చెప్పండి.