ఇంటిపేరు అడిగే ఇంటర్న్‌షిప్

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో రూపొందించిన న్యాయవిద్యా నిబంధనల ప్రకారం మూడేళ్ల లా కోర్సు విద్యార్థి కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సు విద్యార్థి కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ సంవత్సరంలోనూ అది ఏకధాటిగా నాలుగు వారాలకు మించకూడదు. చదువు ముగిసేలోగా ఒక్కసారైనా విచారణ న్యాయస్థానంలోనూ, అప్పీలు న్యాయస్థానంలోనూ వాదించే న్యాయవాదుల వద్ద శిక్షణ పొంది ఉండాలి. మిగిలిన కాలాన్ని స్వచ్ఛంద సంస్థల్లో, న్యాయాధికారుల వద్ద, చట్టసభల్లో, స్థానిక సంస్థల్లో, కంపెనీల్లో ఎక్కడైనా గడపవచ్చు. నిబంధనలో తప్పుపట్టడానికేమీ లేదు. అయితే ఆ అవకాశం ఎవరు ఇస్తారు? ఏ ప్రాతిపదికన ఇస్తారు? ఆ నాలుగు వారాల తిండికీ, వసతికీ, ప్రయాణానికీ డబ్బు ఎవరు పెడతారు? ఈ మూడు ప్రశ్నలకు అందులో జవాబు లేదు. నిబంధన మౌనం వహించిన ఆ చోటులోనే కులం తన పని తాను చేసుకుపోతోంది.

జోగులాంబ గద్వాల జిల్లా మల్దకల్ నుంచి హైదరాబాద్‌కు వచ్చి లా చదువుతున్న ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. తిమ్మప్ప జాతరతో పేరుపడిన ఆ మండలంలో ఆమె తల్లిదండ్రులు పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనికి పోయే మాదిగ కూలీలు. వంశంలో కోర్టు మెట్లెక్కిన వారుంటే వాయిదాలకు తిరిగిన వారే తప్ప నల్లకోటు వేసుకున్నవారు లేరు. ఇంటర్న్‌షిప్‌లు ఎక్కువగా సెలవుల్లోనే జరుగుతాయి. సరిగ్గా ఆ సెలవుల్లోనే సంక్షేమ వసతిగృహాలకు సాధారణంగా తాళం పడుతుంది. స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆమెను కళాశాల గేటు దాకా తీసుకురాగలిగాయి. అక్కడి నుంచి హైకోర్టు గేటు దాకా తీసుకువెళ్లే పథకం ఏదీ లేదు. నగరంలో నెల రోజులు గది అద్దెకు తీసుకుని, జీతం లేకుండా పనిచేసి, ఆ నెలలో తాను సంపాదించగలిగిన కూలి కూడా వదులుకోవాలి. అదే తరగతిలో మేనమామ సీనియర్ న్యాయవాది అయిన విద్యార్థికి అది సెలవుల్లో బంధువుల ఇంట గడిపే నెల మాత్రమే.

డబ్బు ఇబ్బంది ఏదో విధంగా దాటినా పరిచయాల అడ్డుగోడ మిగిలే ఉంటుంది. చాంబర్లలో ఖాళీలకు ప్రకటనలుండవు, ఎంపికకు జాబితాలుండవు. ‘మావాడు ఒకడున్నాడు, చూడండి’ అన్న ఫోను మాటే దరఖాస్తు. ‘ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేమిటి?’ అన్న పలకరింపే ఇంటర్వ్యూ. ఆ ప్రశ్నలో దురుద్దేశం ఉందని ప్రతిసారీ అననక్కరలేదు. అడిగేవారికి అది అలవాటు, జవాబు చెప్పేవారికి పరీక్ష. చివరికి అవకాశం దొరకని విద్యార్థి పరిచయమున్న ఎవరో ఒక వకీలు సంతకంతో సర్టిఫికెట్ తెచ్చుకుని నిబంధన పూర్తయిందనిపించుకుంటాడు. కాగితంపై ఇద్దరివీ ఇరవై వారాలే. ఒకరికి అవి వృత్తి, మరొకరికి ముద్ర.

ఈ తొలి అంతరం అక్కడితో ఆగదు. ఇంటర్న్‌గా కుదిరిన చోటే జూనియర్‌గా చేరడం, అక్కడి నుంచి ప్రభుత్వ ప్లీడరుగా ఎదగడం, ఆపై న్యాయమూర్తి పదవికి పరిశీలనలోకి రావడం మన న్యాయవ్యవస్థలో అలవాటైన దారి. 2018 నుంచి 2023 జూలై వరకు హైకోర్టులకు నియమితులైన 604 మంది న్యాయమూర్తులలో 458 మంది జనరల్ వర్గానికి చెందినవారని, ఎస్సీలు 18 మంది, ఎస్టీలు 9 మంది, ఓబీసీలు 72 మంది మాత్రమేనని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. ఆ జాబితా మొదలయ్యేది కొలీజియం గదిలో కాదు, అంతకు రెండు మూడు దశాబ్దాల ముందు చాంబరు గుమ్మం దగ్గర.

వృత్తిలో అడుగుపెట్టడానికి డబ్బు అడ్డుకావడం కొత్త సంగతి కాదు. బారిస్టరై తిరిగివచ్చిన అంబేడ్కర్ 1923లో బొంబాయిలో ప్రాక్టీసు మొదలుపెట్టడానికి కావలసిన సనదు కోసం మిత్రుని సాయం తీసుకోవలసి వచ్చింది. ఆ తరువాత కూడా సొలిసిటర్లు ఆయనకు కేసులివ్వడానికి వెనుకాడారు. నూరేళ్లు గడిచాక, 2024 జూలై 30న, గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూసింది. న్యాయవాదుల చట్టం నిర్ణయించిన ఎన్‌రోల్‌మెంట్ రుసుము జనరల్ అభ్యర్థికి రూ. 750, ఎస్సీ, ఎస్టీలకు రూ. 125 కాగా రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేయడం చెల్లదని, అది అట్టడుగు వర్గాలను వృత్తికి దూరం చేస్తుందని చెప్పింది. రుసుము విషయంలో అంగీకరించిన ఈ సూత్రాన్ని అంతకుముందు మెట్టయిన ఇంటర్న్‌షిప్‌కు వర్తింపజేయకపోవడానికి కారణం కనిపించదు.

నాణేనికి రెండోవైపు మల్దకల్ ఉంది. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ పత్తి విత్తనోత్పత్తికి దేశంలోనే పేరున్న ప్రాంతం. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడి అప్పు ఇచ్చేదీ, విత్తనం కొనేదీ, పరీక్షలో విఫలమైందని తిప్పికొట్టేదీ అతడి చేతిమీదుగానే. చిన్న రైతు చేతిలో ఒప్పందపత్రం ఉండదు కనుక వివాదం కోర్టుదాకా పోదు. పూలను చేతితో సంపర్కం చేయించే క్రాసింగ్ పనిలో బడి మానిన ఆడపిల్లలు కనిపిస్తారు. వారిలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాలవారు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం బడివేళల తరువాత, సెలవుల్లో కుటుంబానికి సాయపడే పిల్లలకు మినహాయింపునిచ్చింది. ఏది కుటుంబ సాయం, ఏది కూలి అని చేనుగట్టున నిలబడి తేల్చగలిగినవారు లేకపోతే మినహాయింపే నియమమవుతుంది. అదే జిల్లాలో 2025 జూన్‌లో, పెద్ద ధన్వాడ ఇథనాల్ ఫ్యాక్టరీని వ్యతిరేకించి అరెస్టయిన రైతులను బేడీలతో అలంపూర్ కోర్టుకు తెచ్చారు. బేడీలు వేయడం అమానుషమని 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. విమర్శలు వచ్చాక పోలీసులను సస్పెండ్ చేశారు గానీ, ఆ తీర్పు గురించి కోర్టు ఆవరణలోనే ఎవరైనా గుర్తుచేసి ఉంటే రైతులకు ఆ అవమానం తప్పేది.

చట్టాల్లో హక్కులకు కొరత లేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 15ఏ సెక్షన్‌ను చేర్చి, బాధితులకు బెయిలు విచారణ సహా ప్రతి దశలోనూ నోటీసు పొందే హక్కును, తమ మాట వినిపించే హక్కును, స్వచ్ఛంద సంస్థల, సామాజిక కార్యకర్తల, న్యాయవాదుల సాయం తీసుకునే హక్కును ఇచ్చింది. పరిహారం ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు దశలవారీగా అందాలి. జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలి. అయితే వీటన్నిటికీ ఎవరో ఒకరు బాధితుని పక్కన కూర్చుని దరఖాస్తు రాయాలి, తేదీలు గుర్తుపెట్టుకోవాలి, కార్యాలయాల చుట్టూ తిరగాలి. ఇరవై వారాలు ఎక్కడ గడపాలో తెలియని విద్యార్థి ఒకవైపు, ఆ ఇరవై వారాల శ్రమ కోసం ఎదురుచూసే పల్లె మరొకవైపు ఉన్నారు. ఇద్దరినీ కలిపే ఏర్పాటే లేదు.

ఈ కలయికకు తెలుగునేల మీద మంచి సంప్రదాయం ఉంది. కారంచేడు హత్యాకాండ తరువాత 1985లో ప్రభుత్వ ప్లీడరు పదవిని వదులుకున్న బొజ్జా తారకం, సామాన్యుని కోసం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అన్న పుస్తకం రాశారు. గణితశాస్త్ర అధ్యాపకుడైన బాలగోపాల్ నడివయసులో నల్లకోటు వేసుకుని పేదల కేసులు వాదించారు. 1991లో ఎనిమిది మంది దళితులను బలిగొన్న చుండూరు కేసులో ప్రత్యేక న్యాయస్థానం ఆ ఊరికే వెళ్లింది. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో, నేరం రుజువు కాలేదంటూ హైకోర్టు అందరినీ విడుదల చేసింది. కోర్టు ఊరికి దగ్గరైతే సాక్షి నిలబడతాడని చుండూరు చూపింది. తొలిరోజుల్లో నమోదయ్యే సాక్ష్యం ఎంత పకడ్బందీగా ఉండాలో కూడా అదే చూపింది.

చేయవలసింది అసాధ్యమైనదేమీ కాదు. 2022 జూన్ 2 నుంచి తెలంగాణలోని 33 జిల్లాలూ న్యాయ జిల్లాలయ్యాయి. లా కళాశాలల్లో క్లినిక్‌లను ప్రోత్సహించే బాధ్యతను న్యాయసేవాధికార సంస్థల చట్టమే అప్పగించింది. విద్యార్థులు గ్రామాలను దత్తత తీసుకునేందుకు 2011 నాటి క్లినిక్‌ల నిబంధనలు వీలు కల్పించాయి. కనుక ప్రతి లా విద్యార్థీ, ఏ కులంవాడైనా, నాలుగు వారాలు ఒక జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టులో పనిచేయడం తప్పనిసరి చేయాలి. ఒక్కో జిల్లాలో ఏడాది పొడవునా నలుగురు చొప్పున, నెలకు పదివేల స్టైపెండ్ ఇచ్చినా అయ్యే ఖర్చు రూ. 4.8 లక్షలు. దళిత, ఆదివాసీ విద్యార్థుల వాటాను 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద భరించవచ్చు.

విద్యార్థులకు పరిపక్వత చాలదని, స్థానిక ఒత్తిళ్లకు లోనవుతారని అభ్యంతరం రావచ్చు. అందుకే పర్యవేక్షక న్యాయవాది ఉండాలి, గోప్యతకు హామీపత్రం ఉండాలి, సొంత మండలం కాకుండా మరోచోట నియమించాలి. ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. ఇది దళిత విద్యార్థులను అత్యాచార కేసులకే పరిమితం చేసి, రాజ్యాంగ ధర్మాసనాలనూ, కంపెనీ చట్టాన్నీ ఇతరులకు వదిలేయదా? చేస్తుంది, ఏర్పాటు ఒకవైపే ఉంటే. అందుకే ప్రభుత్వ న్యాయాధికారుల కార్యాలయాల్లో, ప్రభుత్వ రంగ సంస్థల న్యాయవిభాగాల్లో, ప్రభుత్వ కేసులు చేపట్టే సీనియర్ల చాంబర్లలో ఇంటర్న్‌షిప్‌లను బహిరంగ ప్రకటన ద్వారా, రిజర్వేషన్ పాటించి, స్టైపెండ్‌తో కేటాయించాలి. ప్రజాధనం ఫీజుగా తీసుకునే చాంబరు తన తలుపు ఎవరికి తెరుస్తోందో చెప్పడం ప్రజలకు బాకీ.

మల్దకల్ అమ్మాయి నాలుగు వారాలు హైకోర్టులో కూర్చోవాలి. సీనియర్ న్యాయవాది మేనల్లుడు నాలుగు వారాలు గద్వాల ప్రత్యేక కోర్టు వరండాలో బాధితుని పక్కన కూర్చోవాలి. విశ్వవిద్యాలయాలు, రాష్ట్ర బార్ కౌన్సిల్, రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ ఒక్క బల్ల దగ్గర చేరి వచ్చే విద్యాసంవత్సరానికి ఈ కేటాయింపు జాబితాను సిద్ధం చేయాలి. ఆ జాబితాలో పేరు ఉంటే చాలు, ఇంటిపేరు అడగనక్కరలేదు.