జలపాతానికి దారి జారవాల అడవిలోంచి

సంపాదకులు అడిగింది విహార కథ. బండ్ల బారులో కలిసి కొండ అడవి దాటి, జలపాతం దగ్గర గుడారం వేసుకోవాలి. గురువారానికల్లా కాపీ చేతికివ్వాలి. అండమాన్‌లో అందుకు సరిపోయే దారి ట్రంక్ రోడ్డు. 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న శ్రీవిజయపురం నుంచి అది ఉత్తరంగా రంగత్ మీదుగా డిగ్లీపూర్ దాకా పోతుంది. రంగత్ దగ్గర పంచవటి జలపాతం ఉంది. కానీ రాయడానికి కూర్చుంటే కలం అక్కడిదాకా పోవడం లేదు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు బోర్డు దగ్గరే ఆగిపోతోంది.

తెల్లవారకముందే అక్కడ బస్సులు, లారీలు, టూరిస్టు కార్లు బారులు తీరతాయి. టీ కొట్లలో పూరీలు వేగుతుంటాయి. బండి నంబరు, ప్రయాణికుల పేర్లు, గుర్తింపు కార్డుల వివరాలు నింపిన ఫారాలు పట్టుకుని డ్రైవర్లు వరుసలో నిలబడతారు. గేటు ఎత్తగానే పోలీసు కాపలాతో కాన్వాయ్ కదులుతుంది. మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా సుమారు యాభై కిలోమీటర్లు జారవా ఆదివాసుల అడవే. బోర్డు మీది నియమాలు చిన్నచిన్న వాక్యాలు. 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ముందు బండిని దాటిపోకూడదు. ఎక్కడా ఆపకూడదు. ఫొటో, వీడియో తీయకూడదు. జారవాలకు తిండి, బట్టలు ఇవ్వకూడదు. వాళ్లను బండి ఎక్కించుకోకూడదు.

మా డ్రైవరుది శ్రీకాకుళం వైపు నుంచి వలసొచ్చిన కుటుంబం. 2011 లెక్కల్లో ఈ దీవుల జనాభాలో వందకు పదమూడు మంది మనవాళ్లే. "సార్, ఫోన్లు సంచిలో పెట్టేయండి. వాళ్లు కనిపిస్తే అద్దం దించకండి, చెయ్యూపకండి" అన్నాడు ముందే.

ఆ బోర్డులోని ప్రతి వాక్యం వెనకా ఎవరో చేసిన పని ఉంది. ఎవరో బండి ఆపారు, ఎవరో అరటిపండు విసిరారు, ఎవరో కెమెరా తీశారు. 2012లో బయటికొచ్చిన వీడియోలో జారవా స్త్రీలను తిండి ఎరచూపి ఆడించారు. దేశమంతా తలదించుకుంది. ఆ ఏడే ఆదివాసుల రక్షణ చట్టాన్ని సవరించి, ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడేలా చేశారు.

వెనకటి కథ క్లుప్తంగా: 1957లో ఈ అడవిని జారవాల రిజర్వుగా ప్రకటించారు. 1970లలో దాని గుండా రోడ్డు వేస్తుంటే వాళ్లు బాణాలతో అడ్డుకున్నారు. 1997 చివరి నుంచి వాళ్లే బయటికి రావడం మొదలైంది. 1999లో వాళ్లకు తట్టు సోకింది. 2002 మే 7న సుప్రీంకోర్టు, రిజర్వు గుండా పోయే రోడ్డును మూసేయమంది. 2013 జనవరిలో పర్యాటకులను ఆపించింది, మార్చిలో ఆ ఆంక్ష ఎత్తేసింది. మూయమన్న రోడ్డు మీద ఈరోజూ బండ్లు తిరుగుతున్నాయి.

ఉత్తరాన ఉన్న రోగులకు, విద్యార్థులకు, కూరగాయల రైతులకు ఈ రోడ్డు అవసరమే. ఆ మాట కాదనలేను. రేవు అవతలి బారాటాంగ్ దీవిలో సున్నపురాతి గుహలు చూసి సాయంత్రానికి తిరిగొచ్చే మనకు మాత్రం అవసరం కాదు. ఒక్కరోజులో రెండుసార్లు వాళ్ల అడవిని దాటి వస్తున్నాం. కొందరు టూరిస్టులు గుహల పేరు చెప్పి బయల్దేరినా, దారిలో మనుషులు కనిపిస్తారేమోనన్న ఆశతోనే కిటికీ పక్క సీటు అడుగుతారు. కొన్ని వందల మందే ఉన్న జాతి అది. మన దగ్గు, మన జలుబు వాళ్లకు ప్రాణాంతకం కావచ్చు.

జలపాతమే కావాలంటే

లిటిల్ అండమాన్ వెళ్లండి. శ్రీవిజయపురం నుంచి హట్ బేకి ఓడ ఉంది. రేవు నుంచి ఆరున్నర కిలోమీటర్లలో వైట్ సర్ఫ్ జలపాతం. గుడారం వేయాలంటే ముందు అటవీశాఖ అనుమతి అడగండి. ఆ దీవిలోనూ ఓంగీ ఆదివాసుల రిజర్వు ఉంది, అందులోకి పోకూడదు. రంగత్‌కే పోవాలనుకుంటే సముద్రం మీదుగా ఓడలున్నాయి. టికెట్ కొనేముందు ట్రావెల్స్ వాళ్లను ఒక్క మాట అడగండి: "ఓడలో తీసుకెళ్తారా, కాన్వాయ్‌లోనా?" కాన్వాయ్ అంటే వద్దనండి.