రాణీఈగకు వరాన్వేషణ

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళినవారికి పల్నాటి రైతుకు ఎడ్లంటే ఎంత మురిపెమో చెప్పనక్కరలేదు. తన ఆవుకు ఏ ఆబోతు సంతానం కావాలో అతడు ముందే నిర్ణయించుకుంటాడు. ఒంగోలు జాతికి అంత పేరు ఊరకే రాలేదు. కాని అదే రైతు పెరట్లో తేనెటీగల పెట్టె పెట్టుకుని, కుట్టని సంతతిని తయారు చేద్దామనుకుంటే మాత్రం అతని పప్పులుడకవు.

చిక్కంతా పెళ్ళిలోనే వుంది. రాణీఈగ పుట్టిన కొద్దిరోజులకు గూడు విడిచి ఆకాశానికి ఎగురుతుంది. అక్కడ పది, ఇరవై పోతుటీగలతో జతకూడి తిరిగి వస్తుంది. ఆ పోతులు ఎవరి పెట్టెవో, ఏ చెట్టు తొర్రలోవో యజమానికి తెలియదు. ఒకే పెట్టెలో వేలకొద్దీ కూలిఈగలకు తల్లి ఒక్కతే, తండ్రులు పదిమంది! పోతుటీగ సంగతి ఇంకా విడ్డూరం. ఫలదీకరణం జరగని గుడ్డులోంచి పుడుతుంది గనుక దానికి తండ్రే లేడు. తాత మాత్రం వున్నాడు.

"పోనీ, మంచి పెట్టెలో వాళ్ళకే సంబంధం కలిపితే?" అని మేనరికాలు మరిగిన మనవాళ్ళు అడగవచ్చు. తోబుట్టువులు జతకూడితే, ఆడఈగలు కావలసిన గుడ్లలో కొన్ని పనికిరాని పోతులవుతాయి. కూలిఈగలు వాటిని పసికందులుగానే పసిగట్టి తినేస్తాయి. పట్టులో గదులు ఖాళీపడి పెట్టె క్షీణిస్తుంది.

ఇంగ్లండులో బక్‌ఫాస్ట్ మఠంలో 1916 నాటికి రోగం వచ్చి 46 పెట్టెలలో 30 పోయాయి. బతికినవాటిలో ఇటలీ రక్తం వుందని అక్కడి సన్యాసి బ్రదర్ ఆడమ్ గమనించాడు. 1925లో డార్ట్‌మూర్ బయళ్ళలో, వేరే తేనెటీగలు లేనిచోట, రాణుల పెళ్ళిళ్ళకు విడిది ఏర్పాటు చేశాడు. సాధువైన బక్‌ఫాస్ట్ జాతి అలా తయారయింది. బ్రెజిల్‌లో కథ అడ్డం తిరిగింది. తేనె దిగుబడి పెంచుదామని 1956లో ఆఫ్రికా రాణులను తెప్పించారు. మరుసటి సంవత్సరం 26 గుంపులు తప్పించుకుపోయాయి. వాటి సంతతి తరిమి తరిమి కుడుతూ 1990 నాటికి అమెరికాలోని టెక్సాస్ చేరింది.

మన దక్షిణాదిలో ఎంపిక చేసింది మనిషి కాదు, రోగం. 1991-92లో థాయి సాక్‌బ్రూడ్ అనే వైరస్ సోకి పెట్టెల్లో పెంచే పుట్టతేనెటీగలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. పిల్లపురుగు నీళ్ళసంచిలా ఉబ్బి చచ్చిపోయేది. కేరళలో ఎందరికో జీవనాధారమే పోయింది. అక్కడక్కడ తట్టుకుని నిలిచిన పెట్టెలనే విడదీసి, వాటి రాణుల సంతానాన్నే పెంచుతూ పెంపకందార్లు మళ్ళీ మొదలుపెట్టారు.

జబ్బుపడిన పిల్లను పసిగట్టి, గది మూత తీసి బయట పారేసే ఈగలూ వున్నాయి. ఈ శుభ్రత వంశపారంపర్యంగా వచ్చేదని 1964లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాథెన్‌బ్యూలర్ చూపాడు. పౌరుషమూ అంతే.

మాచర్ల దాటితే నల్లమల. అడవిలో చెంచులు తేనె తీసే కొండతేనెటీగ పెట్టెలో ఇమడదు; దాని జోలి వద్దు. పుట్టతేనెటీగల పెట్టెలు నాలుగు వున్న ఇల్లాలు ఏ పెట్టె తక్కువ కుడుతుందో, ఏది రోగం లేకుండా వుందో కాగితం మీద రాసుకుంటే చాలు. పెంకి పెట్టెలోని రాణిని తీసేసి, మంచి పెట్టెలో పుట్టిన రాణిని ప్రవేశపెట్టాలి. పూలకాలంలో కూలిఈగ ఆయుష్షు ఆరువారాలే గనుక, రెండు నెలలు తిరిగేసరికి పెట్టెలో వున్నదంతా కొత్తరాణి సంతానమే. అప్పటిదాకా ముఖానికి వల కట్టుకోవడం మానకండి!