నాణేనికి తీర్పరి

పాత నాణెం విలువ దాని లోహాన్ని బట్టి మాత్రమే ఏర్పడదు. అది ఎంత అరుదైనది, ఎంత అరగకుండా నిలిచింది అన్నవే ముఖ్యం. 1949లో అమెరికాకు చెందిన విలియం షెల్డన్ తమ దేశపు తొలినాటి రాగి సెంట్ల స్థితిని కొలవడానికి 1 నుండి 70 వరకు గల మానాన్ని రూపొందించాడు. నేడు ఆ మానంలో ఒక్క అంకె తేడాతో ధర కొన్ని రెట్లు మారవచ్చు. సొంత సరుకును తక్కువ చేసి చెప్పే వర్తకుడు అరుదు కదా! అందుకే ఆ బేరంలో లాభనష్టాలు లేని మూడవవారి తీర్పు అవసరమైంది. అమెరికాలో 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. ఈ పనిని చేపట్టాయి. అక్కడి నిపుణులు నాణేన్ని పరీక్షించి, అంకె నిర్ణయించి, క్రమసంఖ్యతో కూడిన ప్లాస్టిక్ పెట్టెలో మూసివేస్తారు.

సంస్థను ఎంచుకొనేటప్పుడు దాని పూచీని చూడాలి. తీర్పు తప్పని తేలితే పరిహారం ఇస్తుందా? నాణేల క్రయవిక్రయాలకు దూరంగా ఉంటుందా? ఊరూపేరూ లేని సంస్థ ఉదారంగా వేసిన 70ని అంగడి లెక్కచేయదు. విచిత్రమేమంటే, ప్రసిద్ధ సంస్థల పెట్టెలకు కూడా నకళ్ళు పుట్టుకొచ్చాయి. వాటిపై అసలు నాణెం సంఖ్యనే ముద్రిస్తారు. కనుక సంఖ్య సరిపోయినంత మాత్రాన చాలదు. సంస్థ వెబ్‌సైటులో చిత్రం ఉంటే, దానితో నాణెం మీది గీతలను, మరకలను పోల్చి చూడాలి. ఇక రాగిచెంబును తోమినట్లు చింతపండుతో తోమి మెరిపించిన నాణేనికి ఈ సంస్థలు సాధారణంగా అంకె వేయవు. శుభ్రపరచినదని రాసి తిప్పి పంపుతాయి.