కంప్యూటర్‌లో కాగితాలు: ఇంట్లో ఎవరు వెతికినా దొరికేలా

ఇంటి బీరువాలో ఒక క్రమం ఉంటుంది. పై అరలో ఇంటి దస్తావేజులు, కింది అరలో పిల్లల సర్టిఫికెట్లు, పక్కన ఒక సంచిలో కరెంటు బిల్లులూ పన్ను రసీదులూ. ఎవరూ రాసి పెట్టకపోయినా ఏది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. గత పది పదిహేనేళ్లలో ఆ కాగితాలు చాలావరకు కంప్యూటర్‌లోకి చేరాయి. బీమా పాలసీ మెయిల్‌లో వస్తుంది, విరాళం రసీదు వాట్సాప్‌లో వస్తుంది, ఆదాయ ధ్రువీకరణ పత్రాన్ని స్కాన్ చేసి దాచుకుంటాం. వచ్చినవి వచ్చినట్టే ఎక్కడో పడి ఉంటాయి. బీరువాలోని క్రమం మాత్రం వాటి వెంట రాలేదు.

దీనివల్ల ఏం నష్టం అని అడగవచ్చు. స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలంలో బడిలో ఏటా చూసేదే చెబుతాను. సాయంత్రంతో గడువు ముగుస్తుందనగా పిల్లవాడి ఆదాయ పత్రం కనిపించదు. మళ్లీ తీయించాలంటే మీసేవ, తహసీల్దారు కార్యాలయం, కొన్ని రోజులు. నిజానికి ఆ పత్రం ఎక్కడికీ పోలేదు, వాళ్లింటి కంప్యూటర్‌లోనే 'స్కాన్0007' అనే పేరుతో కూర్చుని ఉంది.

ఇంకా బరువైన సంగతి ఒకటుంది. మా ఊళ్లో ఒక ఇంటి పెద్దాయన హఠాత్తుగా చనిపోయారు. లెక్కలన్నీ కంప్యూటర్‌లో పక్కాగా పెట్టుకునే మనిషి. అయితే ఆ పద్ధతి ఆయనకొక్కరికే తెలుసు. భార్య ఇద్దత్‌లో ఉన్నారు, కొడుకు గల్ఫ్ నుంచి ఫోన్లో దారి చెబుతున్నాడు, మేనల్లుడు కంప్యూటర్ ముందు కూర్చుని వెతుకుతున్నాడు. ఒక్క పాలసీ నంబరు దొరకడానికి మూడు వారాలు పట్టింది.

కాబట్టి ఫైళ్ల అమరికకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మీరు ఊళ్లో లేనప్పుడు మీ ఇంట్లో మరొకరు కావలసిన కాగితాన్ని రెండు నిమిషాల్లో తీయగలగాలి. మీకు దొరకడం చాలదు.

ఇది కంప్యూటర్‌తో పుట్టిన సమస్య కాదు. 'ఫైలు' అనే మాట లాటిన్‌లో దారం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. కాగితాలను దారానికి గుచ్చి ఉంచేవారు కనుక ఆ పేరు. మన ఆఫీసుల్లో ట్యాగుతో కాగితాలు కట్టడం ఈనాటికీ ఉంది. ఉర్దూలో 'బస్తా' అంటే గుడ్డలో కట్టిన మూట. పాత కచేరీల్లో రికార్డులను అలాగే కట్టేవారు, పిల్లల పుస్తకాల సంచినీ బస్తా అనే అంటాం. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలం నాటి దక్కన్ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఏది ఏ కట్టలో ఉందో తెలియకపోతే అన్ని కాగితాలు ఉన్నా లేనట్టే. కంప్యూటర్‌లో ఫోల్డరు అంటే బస్తా, ఫైలు పేరు అంటే దాని మీది చీటీ. అంతకన్నా భయపడవలసింది ఏమీ లేదు.

ముందు కంప్యూటర్ తనంతట తాను ఏం చేస్తుందో చూద్దాం. ఇంటర్నెట్ నుంచి దించుకున్నవన్నీ 'డౌన్‌లోడ్స్' ఫోల్డరులో పడతాయి. అది గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోటు లాంటిది, నిలవ ఉంచుకునే చోటు కాదు. కొందరు కళ్ల ముందు ఉంటాయని అన్నీ డెస్క్‌టాప్ మీద పెడతారు. డెస్క్‌టాప్ కూడా ఒక ఫోల్డరే, సాధారణంగా విండోస్ ఉన్న సి డ్రైవ్‌లోనే ఉంటుంది. కంప్యూటర్ మొరాయించినప్పుడు రిపేరు చేసే అబ్బాయి సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేస్తే డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మూడూ కలిసి తుడిచిపెట్టుకుపోతాయి. డి డ్రైవ్ ఉన్నవారు అందులో ఒకే ఒక పెద్ద ఫోల్డరు తెరిచి, ఇంటి కాగితాలన్నీ దానిలోనే ఉంచండి. ఒకే డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే డాక్యుమెంట్స్‌లోనే తెరవండి.

ఆ పెద్ద ఫోల్డరులో ఏమేం ఉండాలి? చాలామంది 'పీడీఎఫ్‌లు', 'ఫోటోలు', 'వర్డ్ ఫైళ్లు' అని విడదీస్తారు. ఈ పద్ధతి నాకు నచ్చదు. 'పీడీఎఫ్ ఎక్కడ?' అని ఇంట్లో ఎవరూ అడగరు, 'చిన్నమ్మాయి టెన్త్ మెమో ఎక్కడ?' అని అడుగుతారు. అడిగే మాటను బట్టే అర కట్టాలి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక ఫోల్డరు. అందరికీ ఉమ్మడిగా ఉండేవాటికి 'ఇల్లు', 'విరాళాలు', 'పన్నులు' అని మరి మూడు. ఒక్కొక్కరి ఫోల్డరులో 'గుర్తింపు', 'చదువు', 'ఆరోగ్యం', 'బ్యాంకు' సరిపోతాయి. అంతకంటే లోతుకు పోకండి. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో ఇంకొకటి అంటూ ఆరు మెట్లు దిగేసరికి ఎందుకు దిగామో మరిచిపోతాం. 'ఇతరములు' అనే ఫోల్డరు మాత్రం తెరవవద్దు. అందులో ఏదైనా పడుతుంది, ఏదీ బయటికి రాదు.

పేర్ల విషయంలో మన ఇళ్లకు సంబంధించిన చిక్కులు రెండు మూడు ఉన్నాయి. ఫోల్డరుకు 'అబ్బా', 'అమ్మీ' అని పేరు పెట్టకండి. మీకు అబ్బా అయినవారు మీ పిల్లలకు దాదా, వాళ్లు వెతికేది మీ కాగితాల కోసం. ఇంట్లో ఐదుగురి పేర్ల ముందూ 'షేక్' ఉంటే ఐదు ఫోల్డర్లూ 'షేక్' అనే మాటతోనే మొదలై ఒకేలా కనిపిస్తాయి. పిలిచే పేరు ముందు పెట్టండి. ఇక 'మహమ్మద్', 'మొహమ్మద్', 'ముహమ్మద్', 'ఎండీ' అన్నీ మనకు ఒకటే, కంప్యూటర్‌కు నాలుగు. ఒక రూపంతో దాచి మరో రూపంతో వెతికితే ఏమీ లేదంటుంది. ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే ప్రతిచోటా రాయడం మేలు. సర్టిఫికెట్లలోనే ఈ తేడాలుంటే అది వేరే తలనొప్పి, ఇక్కడ దాని జోలికి పోను.

ఫైలు పేరులో మూడు సంగతులు ఉంటే చాలు: తేదీ, ఎవరిది, ఏమిటది. 'స్కాన్0007'ను '2024-06-12 సల్మా ఆదాయ పత్రం' అని మార్చండి. ఫైలు మీద ఒకసారి నొక్కి ఎఫ్2 మీట నొక్కితే పేరు మార్చుకోవచ్చు. సంవత్సరం ముందు, తర్వాత నెల, చివర రోజు. ఎందుకంటే పేర్ల వరుస ఎడమ నుంచి మొదలవుతుంది. రోజు ముందు రాస్తే 2022 నవంబరు 5, 2024 మార్చి 6, 2021 జనవరి 7 పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. సంవత్సరం ముందుంటే పాతది పైన, కొత్తది కింద వాటంతట అవే సర్దుకుంటాయి. 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్నదీ ఈ వరుసే. మీ ఫోన్ కూడా ఇదే పాటిస్తోంది. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ పేరులో 20240612 అని ఉంటే అది 2024 జూన్ 12. అయితే అది బొమ్మ వచ్చిన తేదీ, పత్రం మీది తేదీ కాదు. మనం రాయవలసింది పత్రం మీది తేదీ. 12/06/2024 అని ఏటవాలు గీతలతో రాయబోతే విండోస్ ఒప్పుకోదు, అడ్డగీతలే వాడాలి. పేర్లు తెలుగులోనూ పెట్టవచ్చు, కాకపోతే ప్రభుత్వ పోర్టల్‌లోకి ఎక్కించే ఫైలుకు ఇంగ్లీషు అక్షరాలే క్షేమం.

'కొత్తది', 'ఫైనల్', 'అసలు ఫైనల్' అనే మాటలు పేర్లలో వద్దు. ఏడాది తర్వాత అవన్నీ పాతవే.

తేదీ రాయమని ఇంతగా చెప్పడానికి దాతలైన మీకు సంబంధించిన కారణం ఒకటుంది. రసీదులను చాలామంది 'రంజాన్ రసీదులు' అని ఒక ఫోల్డరులో వేస్తారు. ఇంటి లెక్కకు అది బాగానే ఉంటుంది. ఆదాయపన్ను లెక్క మాత్రం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో మన దేశంలో రంజాన్ మార్చి 24న మొదలై ఏప్రిల్‌లోకి వెళ్లింది. 2024లో మార్చి 12న మొదలై ఏప్రిల్ 10 దాకా నడిచింది. అంటే ఒకే రంజాన్‌లో ఇచ్చిన విరాళాల్లో కొన్ని ఒక ఆర్థిక సంవత్సరానివి, మిగిలినవి తర్వాతి సంవత్సరానివి. 2023-24 ఆర్థిక సంవత్సరాన్నే చూడండి: మొదట్లో ఒక రంజాన్ చివరి భాగం, ఆఖర్లో మరో రంజాన్ మొదటి భాగం దానిలో పడ్డాయి. 2025లో నెలంతా మార్చిలోనే గడిచి, మార్చి 31న ఈద్ వచ్చింది. కాబట్టి 'విరాళాలు' ఫోల్డరులో '2023-24', '2024-25' అని ఆర్థిక సంవత్సరాల ఫోల్డర్లు ఉండాలి. రసీదు పేరు '2024-03-28 జకాత్ 5000' అని తేదీతో మొదలైతే ఏ సంవత్సరంలోకి వెళ్లాలో చూడగానే తెలుస్తుంది. రంజాన్ లెక్క కావాలంటే 'జకాత్' అని వెతికితే అన్నీ ఒకచోట కనిపిస్తాయి. పాత పన్ను విధానంలో 80జి మినహాయింపు కోరేవారు సంస్థ ఇచ్చే 10బీఈ పత్రాన్నీ రసీదు పక్కనే ఉంచాలి. నగదుగా ఇచ్చినది 2,000 రూపాయలు దాటితే ఆ మినహాయింపు రాదు కనుక, పేరు చివర 'చెక్కు', 'యూపీఐ' అని ఒక మాట చేర్చడం మంచిది.

మీ కంప్యూటర్‌లో మీవి కాని కాగితాలు కూడా ఉంటాయి. సహాయం కోరేవారు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, ఆసుపత్రి రిపోర్టులు మీకు పంపుతారు. ఒక ఆడపిల్ల ఫోటో, ఇంటి చిరునామా, ఖాతా నంబరు మీ డౌన్‌లోడ్స్‌లో సంవత్సరాల తరబడి ఉండిపోతాయి. అది మన దగ్గర పెట్టిన అమానత్. వాటికి వేరే ఫోల్డరు ఉంచి, పని పూర్తయ్యాక తీసేయండి. తొలగించిన ఫైలు ముందు రీసైకిల్ బిన్‌లోకి వెళుతుంది, దాన్నీ ఖాళీ చేయాలి. ఫోన్‌లోని వాట్సాప్ నకలు అలాగే మిగిలి ఉంటుందని గుర్తుంచుకోండి. ఇంట్లో పిల్లలు ఆటలాడుకునే కంప్యూటర్‌లో ఇటువంటివి ఉంచకపోవడమే ఉత్తమం.

ఇక నకళ్లు. ఎంత చక్కగా సర్దినా హార్డ్ డిస్కు ఒకరోజు చెడిపోతుంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే సూత్రం ఉంది: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, గూగుల్ డ్రైవ్ వంటి చోట ఒకటి ఉంటే లెక్క సరిపోతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ స్థలం వీడియోలకు చాలదు గానీ ఇంటి కాగితాలకు సరిపోతుంది. కంప్యూటర్‌తో జత కలిపి నడిచే క్లౌడ్ ఫోల్డరులో ఒక చిక్కుంది: ఇక్కడ తొలగిస్తే అక్కడా పోతుంది. అందుకే విడిగా హార్డ్ డిస్కు ఉండాలి, నకలు తీయగానే దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టాలి. పెన్‌డ్రైవ్ తీసుకెళ్లడానికే గాని దాచుకోవడానికి కాదు. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటివాటికి 2015లో ప్రభుత్వం మొదలుపెట్టిన డిజిలాకర్ కూడా ఉంది.

ఇప్పటికే వేల ఫైళ్లు పేరుకున్నవారు అవన్నీ సర్దాలని కూర్చోకండి, రెండో రోజే విసుగు పుడుతుంది. 'పాతవి' అని ఒక ఫోల్డరు తెరిచి అన్నీ అందులోకి నెట్టండి, కొత్తవేవీ దానిలో వేయకండి. ఈరోజు నుంచి వచ్చేవాటికి కొత్త పద్ధతి. పాతవాటిలోంచి ఏదైనా అవసరపడి తీసినప్పుడు దానికి పేరు మార్చి సరైన చోట పెట్టండి. మొదటి వారం పిల్లల చదువు పత్రాలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, బీమా కాగితాలు మాత్రం వెతికి తీసి పెట్టుకోండి.

చివరగా ఒక తెల్లకాగితం తీసుకుని పెద్ద ఫోల్డరు ఎక్కడుందో, అందులో ఏ ఏ ఫోల్డర్లు ఉన్నాయో, హార్డ్ డిస్కు ఏ అరలో ఉందో చేత్తో రాయండి. కంప్యూటర్ పాస్‌వర్డును వేరే కవరులో పెట్టి అంటించండి. రెండింటినీ బీరువాలో దస్తావేజుల పక్కన పెట్టి, ఆ సంగతి భార్యకో భర్తకో, పెద్ద పిల్లలకో చెప్పండి. తర్వాత ఒక సెలవురోజు వాళ్లను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఇంటి పన్ను రసీదు తీయమని చెప్పి, మీరు పక్క గదిలోకి వెళ్లండి.