ఫైబర్ కారుకు రంగు వేసే ముందు

పాత కారుకు మళ్లీ రంగు వేయడం మీరు చూసే ఉంటారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కారు షెడ్డుకు వస్తే టింకరు సొట్టలు తీస్తాడు. పెయింటరు పాత రంగు గీకి, లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆపైన రంగు కొడతాడు. గీకేటప్పుడు చెయ్యి కాస్త గట్టిగా పడినా ఇనుప రేకుకు పెద్ద నష్టం లేదు. తుప్పు పట్టకముందే ప్రైమర్ పడితే చాలు.

కాని కొన్ని కార్లకు ఆ రేకు ఉండదు. 1980లలో బెంగుళూరులో తయారైన సిపాని డాల్ఫిన్ అటువంటిది. ఇంగ్లండులోని రిలయంట్ కిటెన్ అనే చిన్న కారును అనుసరించి దాన్ని చేశారు. చట్రం ఇనుముదే, పైనున్న బాడీ మాత్రం ఫైబర్‌గ్లాసు. ఇంతకంటే పేరున్నది అమెరికాలోని షెవర్లే కార్వెట్. 1953లో మొదలైన ఈ కారును ఆ ఏడాది 300 మాత్రమే చేశారు. ఇలాంటి బాడీని రేకులా భావించి గీకినా, మందు పూసినా తిరిగి సరిచేయలేని నష్టం జరగవచ్చు. పైగా "ఫైబర్" అనే ఒకే పేరు కింద వేర్వేరు రకాలున్నాయి. ఒకదానికి సరిపడే పని మరొకదానికి సరిపడదు. అందుకే రకం గుర్తించడం రంగు పనిలో మొదటి మెట్టు.

ముందుగా ఫైబర్‌గ్లాసు అంటే ఏమిటో చూద్దాం. మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కుతారు కదా! గడ్డి గోడను చీలిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇక్కడ గడ్డికి బదులు సన్నని గాజుపోగులు, మట్టికి బదులు రెజిన్ ఉంటాయి. కారు బాడీలలో వాడేది ఎక్కువగా పాలియెస్టర్ రెజిన్. ఈ రెండింటినీ ఏ విధంగా కలిపి అచ్చు పోశారన్నదే రకాన్ని నిర్ణయిస్తుంది.

అన్నింటికంటే పాత పద్ధతి చేత్తో పరచడం. కాకినాడ, మచిలీపట్నం తీరాలలో ఫైబర్ పడవలు చూసినవారికి ఇది తెలిసినదే. అచ్చుకు మైనం రుద్ది, దాని మీద జెల్‌కోట్ అనే చిక్కని రంగు రెజిన్ పూస్తారు. అది కాస్త గట్టిపడ్డాక గాజుపోగుల మ్యాట్ పరచి, రెజిన్ పోసి, రోలర్‌తో గాలి బుడగలు పోయేలా అదుముతారు. అచ్చుకు ఆనుకున్న వైపు అద్దంలా నున్నగా వస్తుంది. రెండో వైపు గరుకుగా ఉండి, మ్యాట్ పోగులు వేలికి తగులుతాయి. మందం కూడా ఒక చోట ఉన్నట్టు మరో చోట ఉండదు.

రెండో రకం రెండు ఇనుప అచ్చుల మధ్య వేడిచేసి నొక్కినది. తొలి కార్ల తరువాత కార్వెట్ భాగాలను చాలాకాలం ఇలాగే చేశారు. ఒహాయో రాష్ట్రంలోని ఆష్టబ్యులాలో ఉన్న కంపెనీ వీటిని అందించేది. ఇటువంటి పలక రెండు వైపులా నున్నగా, అంతటా ఒకే మందంలో ఉంటుంది. వెనుక నుంచి చూస్తే రెజిన్ లోపల పోగులు గడ్డిపరకల్లా అటూ ఇటూ తిరిగి కనిపిస్తాయి. దీనికి జెల్‌కోట్ ఉండదు. ఈ తేడాను బాగా గుర్తుంచుకోండి.

మూడోదాన్ని షీట్ మౌల్డింగ్ కాంపౌండ్ అంటారు. పనివారు క్లుప్తంగా ఎస్.ఎం.సి. అంటారు. రెజిన్, సుద్దపొడి, సుమారు అంగుళం పొడవున్న గాజుపోగు ముక్కలు కలిపి చపాతీ పిండిలాంటి పలకగా తయారుచేసి ఉంచుతారు. కావలసినంత కోసి, సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వేడిలో అచ్చుల మధ్య నొక్కుతారు. అచ్చుకు అంటుకోకుండా చేసే పదార్థం ఆ పిండిలోనే కలిసి ఉంటుంది. 1970ల తొలి సంవత్సరాలలో కార్వెట్ ఈ పద్ధతికి మారింది. సుద్ద వల్ల లోపలి పోగులు దాదాపు కనిపించవు. పలక ఎక్కువగా బూడిదరంగులో ఉంటుంది. అయితే రంగు ఒక్కటే చూసి తేల్చకండి.

ఇవి కాక మెత్తని బంపర్లు ఉన్నాయి. కార్వెట్‌కు 1973లో ముందువైపు, 1974లో వెనుకవైపు ఇలాంటివి వచ్చాయి. ఇవి ఫైబర్‌గ్లాసు కానే కావు, యురెథేన్. బొటనవేలితో నొక్కితే లొంగుతాయి. వీటి రంగులో సాగే గుణమిచ్చే మందు కలపకపోతే కొద్దికాలానికే పగుళ్లు వస్తాయి.

మరి గుర్తించడం ఎలా? రంగు మీద ఏమీ కనిపించదు. బానెట్ ఎత్తండి, డిక్కీ తెరవండి, మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టండి, తలుపు లోపలి అట్ట విప్పండి. పలక వెనుకవైపే దాని జాతి చెబుతుంది. వైరు పోయే రంధ్రం దగ్గరో, బోల్టు రంధ్రం దగ్గరో అంచు పరీక్షిస్తే మందమూ, పొరలూ తెలుస్తాయి. ఎక్కడా కనబడని చోట రూపాయి బిళ్లంత మేర 220 నంబరు కాగితంతో పొడిగా రుద్దండి. రంగు, ప్రైమర్ పోయాక పోగులు లేని, ఒకే రంగు గట్టి పొర వస్తే అది జెల్‌కోట్. ప్రైమర్ కింద వెంటనే రెజిన్, పోగులు కనబడితే జెల్‌కోట్ లేదు. అక్కడితో ఆపేయండి. నాణెంతో తట్టి చూడడం కూడా మంచిదే. ఒకచోట ఖణేలుమని, పక్కన మొద్దుగా మోగితే లోపల మందంగా లప్పం ఉంది, లేదా పొరలు విడిపోయి ఉన్నాయి.

ఒక భాగం పరీక్షించి కారంతటికీ అదే వర్తిస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నలభై ఏళ్ల కారు ఏదో ఒకనాడు దెబ్బ తినే ఉంటుంది. అసలు మడ్‌గార్డు నొక్కినదైనా, మార్చి పెట్టినది చేత్తో చేసినది కావచ్చు. కాబట్టి ప్రతి భాగాన్నీ విడిగా చూసి, కాగితం మీద కారు బొమ్మ గీసి రాసుకోండి. పాత కార్వెట్‌లో పలకలు కలిసే చోట వెనుక అతుకుపట్టీ ఉంటుంది. ఆ అతుకు సరిగా లేకపోతే ఎంత మంచి రంగు వేసినా ఎండకు గీతలా తేలుతుంది.

రకం తెలిశాక పని మారుతుంది. జెల్‌కోట్ ఉన్నచోట రుద్దడం దాని మీదే ఆపాలి. పొర తెగితే చిన్న చిన్న రంధ్రాలు, పోగులు బయటపడతాయి. వాటిని మళ్లీ జెల్‌కోట్‌తో గాని, ఎపాక్సీ ప్రైమర్‌తో గాని మూయాలి. సాలెగూడులాంటి పగుళ్లుంటే పైన రంగు కొట్టి దాచలేం. వాటిని తొలిచి నింపాల్సిందే. చేత్తో చేసిన, నొక్కిన పలకల పగుళ్లకు మ్యాట్, పాలియెస్టర్ రెజిన్ పట్టుకుంటాయి. ఎస్.ఎం.సి. మీద ఆ రెజిన్ బాగా అతకదు. మొదట బాగానే ఉన్నట్టుండి, తరువాత అంచులు లేస్తాయి. దానికి ఎపాక్సీ గాని, ఎస్.ఎం.సి. కోసం చేసిన జిగురు గాని వాడాలి.

రేకు మీద పూసే పెయింటు రిమూవర్‌ను మాత్రం ఏ రకం ఫైబర్ దగ్గరకూ రానివ్వవద్దు. మిథిలిన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్ రంగునూ రెజిన్‌నూ వేరు చేసి చూడదు. పలకలోకి ఇంకి, కొత్త రంగు వేశాక పొక్కులై బయటపడుతుంది. మనిషికీ ప్రమాదమే. 2019లో అమెరికా ఇంటివాడకానికి ఇలాంటి రిమూవర్ల అమ్మకాన్ని నిషేధించింది. ఆలస్యమైనా బ్లేడుతో, ఉప్పు కాగితంతో తీయడమే మేలు. పోగులు బయటపడిన చోట నీళ్లతో రుద్దకండి. ఆ తేమ కూడా పొక్కులకు దారితీస్తుంది.

గాజు దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, ఒంటికి దురద పెడుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు. దుమ్ము ఆపే మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. పని అయ్యాక ముందు చన్నీళ్లతో కడుక్కోండి, ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకకండి.

ఈ పని చేసి చూడండి: మీకు అందుబాటులో ఉన్న ఏదైనా ఫైబర్ వస్తువును, పడవ గాని, కుర్చీ గాని, పాత హెల్మెట్ గాని తిరగేసి వెనుకవైపు పరిశీలించండి. అది ఏ పద్ధతిలో తయారైందో, ఏ గుర్తును బట్టి చెప్పగలిగారో మీ నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలలో రాయండి.