కార్బురేటర్: సన్నటి రంధ్రాల లెక్క

కార్బురేటర్‌కు కరెంటు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. ఇంజను పీల్చే గాలిని దారిలో పట్టుకుని, దానికి సరిపడా పెట్రోలు కలిపి పంపుతుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా, ఘాట్ రోడ్డు ఎక్కుతున్నా ఈ పాళ్లు మరీ దూరం జరగకూడదు. ఇంత తూకాన్నీ నిలబెట్టేవి ఇత్తడి జెట్లలోని సన్నటి రంధ్రాలు, ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు నిలిచే మట్టం. పాత కార్బురేటర్‌ను విప్పి, కడిగి, కొత్త కిట్టు వేసి బిగించేవారు కాపాడుకోవాల్సింది కూడా ఈ కొలతలనే. పైతొడుగు తళతళలాడకపోయినా ఇంజనుకు వచ్చే లోటేమీ లేదు.

గాలి ఇరుకు దారిలో దూరినప్పుడు వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. వేగానికీ పీడనానికీ ఉన్న ఈ సంబంధాన్ని డేనియల్ బెర్నూలీ 1738లో అచ్చయిన గ్రంథంలో వివరించాడు. నడుము సన్నగా ఉన్న గొట్టాల మీద తాను చేసిన ప్రయోగాలను ఇటలీకి చెందిన వెంచురి 1797లో వెల్లడించాడు. అయితే తొలి మోటారు బండ్లు ఈ సూత్రాన్ని పట్టించుకోలేదు. కార్ల్ బెంజ్ మొదటి బండిలో ఇంధనం ఉపరితలం నుంచి లేచే ఆవిరే గాలిలో కలిసేది. వాతావరణం మారితే ఆవిరీ మారేది, మిక్చరూ మారేది.

ఇంధనాన్ని ఆవిరి కానిచ్చే బదులు తుంపరగా చిమ్మాలన్న ఆలోచన 1893లో రెండు చోట్ల పండింది. హంగరీలో దొనాత్ బాంకి, యానోష్ చొంకా జంటది ఒకటి. జర్మనీలో డైమ్లర్ సహచరుడు విల్‌హెల్మ్ మైబాక్‌ది మరొకటి. పూలమ్మాయి గొట్టంతో ఊది పూల మీద నీళ్లు చిలకరించడం చూసి హంగరీ ఇంజనీర్లకు ఈ ఊహ తట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. పేటెంటు తేదీల్లో వాళ్లే కొన్ని నెలలు ముందున్నారు. అయినా పేరు ఎక్కువగా మైబాక్‌కే దక్కింది, ఎందుకంటే ఆయన వెనుక డైమ్లర్ ఇంజన్లు ఉన్నాయి. ఇందులో హంగరీ జంటకు అన్యాయం జరిగిందనే చెప్పాలి.

బెర్నూలీ చెప్పిన సూత్రం బలమెంతో లెక్క వేసి చూడటం మంచిది. సెకనుకు 60 మీటర్ల వేగంతో దూసుకుపోయే గాలిలో పీడనం సుమారు 2,160 పాస్కల్స్ తగ్గుతుంది. అది వాతావరణ పీడనంలో రెండు శాతమే అయినా, పెట్రోలును 30 సెంటీమీటర్ల ఎత్తుకు లేపగలదు. అదే గాలి సెకనుకు 10 మీటర్లకు పడిపోతే తగ్గే పీడనం 60 పాస్కల్సే. పెట్రోలు 8 మిల్లీమీటర్లకు మించి లేవదు. అంటే యాక్సిలరేటర్ తక్కువగా ఉన్నప్పుడు ఫ్లోట్ మట్టంలో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కూడా చిన్నదేమీ కాదు. మట్టం దిగితే పెట్రోలు చాలక ఇంజను మిస్సింగ్ కొడుతుంది, పెరిగితే ప్లగ్గు నల్లబడుతుంది, ఇంకా పెరిగితే ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోలు కారుతుంది.

బండి ఆగి ఉన్నప్పటి ఐడ్లింగ్ నుంచి పూర్తి వేగం దాకా ఒక్క జెట్టే పని చేయలేదు. జపాన్‌లోని మికుని సంస్థ 1960లో ఇంగ్లండ్‌లోని అమల్ సంస్థ నుంచి లైసెన్సు తీసుకుని పెంచిన స్లైడ్ కార్బురేటర్‌లో ఈ పని పంపకం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ వంశంలోనిదే మన బుల్లెట్‌కు బిగించిన 24 మిల్లీమీటర్ల మిక్‌కార్బ్. యాక్సిలరేటర్ తిప్పితే కేబుల్ స్లైడ్‌ను పైకి లాగుతుంది. స్లైడ్‌తో పాటు దానికి వేలాడే సూది కూడా నీడిల్ జెట్‌లోంచి లేస్తుంది. సూది మొన వైపు సన్నబడుతూ పోతుంది కాబట్టి, లేచేకొద్దీ చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. స్లైడ్ కాస్త తెరిచినప్పుడు దాని అడుగున కోసిన కోత, సగం దగ్గర సూది, ముప్పాతిక దాటాక మెయిన్ జెట్ పెత్తనం చేస్తాయి.

జెట్లన్నిటిలో ఎక్కువ ముచ్చట గొలిపేది పైలట్ జెట్. ఐడ్లింగ్‌లో స్లైడ్ దాదాపు మూసుకుని ఉంటుంది, మధ్యదారిలో గాలి నీరసంగా ఉంటుంది. కానీ స్లైడ్‌కు అవతల, ఇంజను వైపు, పిస్టన్ గట్టిగా లాగుతూనే ఉంటుంది. పైలట్ జెట్‌లోంచి వచ్చిన పెట్రోలు, ఏర్ స్క్రూ పక్క నుంచి వచ్చిన గాలితో ముందే కలిసి నురగై, ఆ అవతలి చిన్న రంధ్రంలోంచి బయటపడుతుంది. ఇంజనుకు గాలి అందక ఏర్పడే లాగుడునే పెట్రోలు తెచ్చుకోవడానికి వాడుకోవడం నిజంగా గొప్ప ఉపాయం. దారి అంత సన్నది గనుక మొదట పూడుకుపోయేదీ అదే. చోక్ వేస్తేనే స్టార్టై, చోక్ తీయగానే ఆగిపోయే బండిలో అనుమానం ముందు దాని మీదికే పోవాలి.

పూడ్చేది దుమ్ము ఒక్కటే కాదు. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలులోని తేలిక భాగం ఆవిరై, మిగిలింది గాలి సోకి గోధుమరంగు జిగురవుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను లాక్కుంటుంది; తేమ మితిమీరితే నీళ్లు విడిపోయి చాంబర్ అడుగుకు, అంటే సరిగ్గా మెయిన్ జెట్ దగ్గరికే, చేరతాయి. తెల్లటి పొడి కనిపించిందంటే లోహమే తినేయబడుతోందని అర్థం.

విప్పే ముందు బయటి మట్టిని కిరోసిన్, బ్రష్‌లతో వదిలించాలి. లేకుంటే అదే లోపలికి పోతుంది. ఏర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోవాలి. సూది మీది క్లిప్ ఏ గాడిలో ఉందో కూడా రాసుకోవాలి. ఫ్లోట్ పిన్నును పట్టుకునే స్తంభాలు పెళుసు, సుత్తితో కొడితే విరుగుతాయి. ఇత్తడి మెత్తన కాబట్టి జెట్ గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవరే వాడాలి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలన్నీ తీశాకే మిగతా లోహాన్ని క్లీనర్‌లో నానబెట్టాలి.

జెట్‌లో ఇనుప తీగ పెట్టి పొడవడం చాలా షెడ్లలో అలవాటు. దాని నష్టం కంటికి కనబడదు, లెక్కకు కనబడుతుంది. 0.35 మిల్లీమీటర్ల రంధ్రం గీసుకుపోయి 0.40 అయితే వైశాల్యం 30 శాతం పెరుగుతుంది; మైలేజీ పోవడానికి అది చాలు. జిగురు నానితే దానంతట అదే వదులుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు రంధ్రం గుండ్రంగా, అంచు చెదరకుండా కనిపించాలి.

లోపలి దారులకు కంప్రెసర్ గాలి, క్లీనర్ స్ప్రే కావాలి, కళ్లద్దాలు తప్పనిసరి. పైలట్ జెట్ తీసిన గుంతలో స్ప్రే గొట్టం ఆనించి, ఏర్ స్క్రూ రంధ్రాన్ని వేలితో మూసి నొక్కితే, పెద్ద దారి అడుగున సూదిమొనంత చిల్లుల్లోంచి ధార చిమ్మాలి. మొదట కాఫీరంగు చుక్కలు ఊరతాయి, తర్వాత సన్నటి తెల్లటి ధార నిటారుగా లేస్తుంది. ఆ ధార చూడందే ఆ దారి శుభ్రమైందని నమ్మకూడదు. చాంబర్ గాలి రంధ్రాన్నీ ఇలాగే చూడాలి, అది మూసుకుంటే పెట్రోలు సాఫీగా దిగదు.

కడిగితే బాగుపడనివీ ఉంటాయి. ఫ్లోట్ నీడిల్ మొన మీద చుట్టూ గీత పడితే అది పెట్రోలును ఆపలేదు, మార్చాల్సిందే. ఊపినప్పుడు లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వస్తే ఆ ఫ్లోట్ చిల్లుపడినట్టే. స్లైడ్ మీద నిలువు గీతలు లోతుగా ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. బోల్టులు అతిగా బిగించి వంగిన ఫ్లాంజ్‌ది కూడా అదే రోగం. అద్దం మీద ఆనిస్తే సందు తెలిసిపోతుంది.

2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యంపై బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బుల్లెట్‌తో సహా దాదాపు అన్ని కొత్త బండ్లూ ఇంజెక్షన్‌కు మారాయి. పాత బండ్లకు మాత్రం ఇలా మార్చాల్సిన భాగాల కిట్లు దొరుకుతూనే ఉన్నాయి.

బిగించేటప్పుడు జెట్లను వేళ్ల బలానికి కాస్త మించి బిగిస్తే చాలు. స్లైడ్ కోత ఏర్ ఫిల్టర్ వైపే ఉండాలి. ఓ-రింగ్, గ్యాస్కెట్ కొత్తవి వేసి, ఏర్ స్క్రూను రాసుకున్న చుట్ల దగ్గర పెట్టి, ఇంజను వేడెక్కాక అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పి, శబ్దం ఎక్కువ వేగంగా, నిలకడగా వినిపించిన చోట ఆపాలి. ఆ తర్వాత స్లైడ్ ఎత్తును మార్చే స్క్రూతో ఐడ్లింగ్‌ను తగ్గించుకోవాలి.